పురుడు పోయని చేతికి పట్టా ఇవ్వకండి

బిడ్డ బయటికొచ్చి, మాయ పడిపోయాక తల్లి పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గర్భసంచి గట్టిగా, గుండ్రంగా తగలాలి. మెత్తగా తగిలిందా, లోపల నెత్తురు ఆగడం లేదన్నమాట. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతుంటుంది. కాన్పయ్యాక అది ముడుచుకోకపోతే తల్లి ప్రాణం పోవడానికి రెండు గంటలు కూడా పట్టకపోవచ్చు. ఆ మెత్తదనం ఎలా ఉంటుందో, రుద్దుతుంటే అరచేతి కింద అది మెల్లగా గట్టిపడటం ఎలా తెలుస్తుందో జూమ్ క్లాసులో నేర్పగలిగిన టీచరెవరైనా ఉంటే ముందుకు రమ్మనండి. ఎవరూ రారు. తెర మీద విద్యార్థినికి కనిపించేది ఇంకొకరి చెయ్యి. రేపు లేబర్ రూంలో అర్ధరాత్రి ఒంటరిగా పనిచేయాల్సింది ఆమె చెయ్యి.

మిడ్‌వైఫ్ నేర్చుకునే విద్యలో ఎక్కువ భాగం వేళ్ల చివర్లలో ఉంటుంది. నొప్పికీ నొప్పికీ మధ్య కడుపు తడిమి, పైన తగిలేది తలా పిరుదులా చెప్పాలి. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో రెండు వేళ్లతో సెంటీమీటర్లలో కొలవాలి. తల బయటికొచ్చే క్షణంలో ఎంత ఆపాలి, ఎంత వదలాలి అన్నది ఆ చేతికే తెలియాలి. ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే మాస్కు సరిగ్గా బిగించి గాలి ఊదాలి. ఈ విద్యకు పుస్తకం కావాలి, వీడియో కావాలి, బొమ్మ మీద సాధన కావాలి. ఇవన్నీ అయ్యాక పక్కన అనుభవమున్న మనిషి నిలబడి ఉండగా నిజమైన తల్లి దగ్గర నిజమైన కాన్పు చేయాలి. ఆ చివరి మెట్టు ఎక్కని అమ్మాయికి మిడ్‌వైఫ్ అని రాసి సంతకం పెట్టే హక్కు ఎవరికీ లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. దీని మీద బేరసారాలకు నేను సిద్ధంగా లేను.

మన దేశంలో జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయిని నర్సుగానూ, మిడ్‌వైఫ్‌గానూ రెండు పేర్లతో రిజిస్టర్ చేస్తారు. ఆ రెండో పేరు వెనకాల ఆమె ఎన్ని పురుళ్లు పోసిందో ఎవరు చూశారు?

2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డప్పుడు వేరే దారి లేకపోయింది. హాస్టళ్లు ఖాళీ చేయించారు. పిల్లలు ఊళ్లకు వెళ్లి, ఇంట్లో ఉన్న ఒక్క ఫోనునూ తమ్ముడితో పంచుకుంటూ, సిగ్నల్ కోసం మేడ ఎక్కి పాఠాలు విన్నారు. అప్పుడు చెప్పిన టీచర్లనూ, విన్న పిల్లలనూ నేను ఒక్క మాట కూడా అనను. నా కోపమంతా ఆ తర్వాత జరిగిన దాని మీద. ఆపదలో చేసుకున్న సర్దుబాటు చవకగా ఉందని యాజమాన్యాలకు రుచి తెలిసింది. పిల్లల్ని లేబర్ రూంకు తీసుకెళ్లాలంటే బస్సు కావాలి, నైట్ డ్యూటీకి వెంట టీచర్ ఉండాలి, ఆసుపత్రికి డబ్బు కట్టాలి. లింకు పంపడానికి ఇవేవీ అక్కర్లేదు. బ్లెండెడ్ అన్నారు, డిజిటల్ అన్నారు, వర్చువల్ క్లినికల్ అన్నారు. పేరు ఏదైనా, కోత పడింది అమ్మాయి లేబర్ రూంలో గడపాల్సిన గంటలకు.

దూరవిద్యలో నర్సింగ్ డిగ్రీ ఇవ్వకూడదని యూజీసీ 2020 నిబంధనల్లో ఉంది. మంచిదే. కానీ రోడ్డు మీద భవనం ఉండి, గేటుకు బోర్డు ఉండి, రిజిస్టరులో హాజరు ఉండి, లోపల చదువులో కాన్పు మాత్రం లేకపోతే దాన్ని దూరవిద్య అనకుండా ఏమంటారు? మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశంతో సీబీఐ నర్సింగ్ కాలేజీలను తనిఖీ చేస్తే, 2024 మే నెలలో ఆ తనిఖీ చేసే అధికారులే లంచం కేసులో అరెస్టయ్యారు. కాలేజీ బాగుందని రాయడానికి లంచం! ఆ రాత మీద ఆధారపడి రేపు ఏదో ఒక ఊళ్లో ఏదో ఒక చూలాలు ఆ పట్టా ఉన్న నర్సు ముందు పడుకుంటుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి తనిఖీ అంత లోతుగా జరిగితే ఏం బయటపడుతుందో అని భయపడేవాళ్లే ఆ తనిఖీని ముందుగా కోరాల్సినవాళ్లు.

నర్సింగ్ విద్యార్థినులతో కాసేపు కూర్చుని కేస్‌బుక్ గురించి అడగండి. ఏళ్ల తరబడి మన సిలబస్‌లో నడిచిన లెక్క ప్రకారం ఒక్కో అమ్మాయి తన చేతులతో 20 సాధారణ కాన్పులు చేసి, ఒక్కోదాన్నీ ఆ పుస్తకంలో రాయాలి. సీనియర్ పుస్తకం తెచ్చుకుంటారు. తల్లి పేరు మారుతుంది, వయసు మారుతుంది, బిడ్డ బరువు వంద గ్రాములు అటో ఇటో అవుతుంది. నొప్పులు ఎలా సాగుతున్నాయో చూపే పార్టోగ్రాఫ్ గీత పక్కవాళ్లది చూసి గీస్తారు. కింద సంతకం పడుతుంది. ఆ పిల్లలు దొంగలు కారు. వాళ్లకు లేబర్ రూం తలుపు దగ్గర నిలబడే చోటే దొరికింది. చూడటానికి కూడా వంతులు వేసుకున్నారు. రికార్డు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పద్దెనిమిదేళ్ల పిల్ల ఏం చేస్తుంది? అబద్ధం రాయడాన్ని మనమే ఆమెకు మొదటి ప్రాక్టికల్‌గా నేర్పించాం. ఇప్పుడు ఆ కేస్‌బుక్‌ను యాప్‌లోకి మార్చి, అదే సంస్కరణ అంటున్నారు. కాగితం మీద రాసిన అబద్ధం తెర మీద టైపు చేస్తే నిజమవుతుందా?

పిల్లలకు కాన్పులు ఎందుకు దొరకడం లేదో లెక్క వేద్దాం. బ్యాచ్‌లో 60 మంది. తలా 20 అంటే 1200 సాధారణ కాన్పులు. వాళ్లు వెళ్లే ఆసుపత్రిలో నెలకు 300 ప్రసవాలు అవుతాయనుకోండి. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల్లో నూటికి 44.5 కాన్పులు సిజేరియన్లే. మిగిలేవి నెలకు 166. ఆ 166 మంది తల్లుల మంచాల చుట్టూ ఎవరెవరు నిలబడి ఉంటారో చూడండి: పీజీ డాక్టర్లు, హౌస్ సర్జన్లు, ఏఎన్ఎం పిల్లలు, జీఎన్ఎం పిల్లలు, అదే ఆసుపత్రి పేరును తమ దరఖాస్తులోనూ రాసుకున్న ఇతర కాలేజీల పిల్లలు. ప్రసూతి పోస్టింగేమో కొద్ది వారాలు. నొప్పులేమో కాలేజీ టైంటేబుల్ చూసి రావు, అర్ధరాత్రి వస్తాయి. అప్పటికి పిల్లలు హాస్టల్లో నిద్రపోతుంటారు. ఈ లెక్క ఏ యాజమాన్యానికి తెలియదు? సీట్లు మంజూరు చేసిన ఏ అధికారికి తెలియదు?

ఇక ప్రైవేటు సంగతి. అదే సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం ఆపరేషన్లు. రాష్ట్రం మొత్తం మీద 60.7 శాతం. దేశ సగటు 21.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం 42.4, ప్రైవేటులో 63. ఒక సమాజం మొత్తం మీద సిజేరియన్లు నూటికి 10 దాటాక అదనంగా తల్లుల ప్రాణాలు గానీ బిడ్డల ప్రాణాలు గానీ నిలవడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే ప్రకటించింది. అవసరమైన సిజేరియన్ ప్రాణం పోస్తుంది, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. ముహూర్తం చూసి కోసినదాన్ని తప్పుపడుతున్నాను. నొప్పులు పడే ఓపిక లేదని అమ్మాయిని బెదిరించి కోసినదాన్ని, రాత్రంతా కూర్చోవడం కంటే అరగంటలో ముగించడం లాభమని కోసినదాన్ని తప్పుపడుతున్నాను. ఆ కోత ఒక్క తల్లి పొట్టతో ఆగడం లేదు. ఆ తల్లి దగ్గర ఒక విద్యార్థిని నేర్చుకోవాల్సిన కాన్పు కూడా అక్కడే పోయింది.

ఇదీ మన ముందున్న విషవలయం. అక్కర్లేని కోతలు తగ్గాలంటే నొప్పుల్లో తల్లి పక్కన ఓపికగా కూర్చుని సాధారణ కాన్పు చేయించగల మిడ్‌వైఫ్‌లు కావాలి. అలాంటి మిడ్‌వైఫ్ తయారవ్వాలంటే సాధారణ కాన్పులు జరిగే లేబర్ రూం కావాలి. కోతలు ఆ గదిని ఖాళీ చేశాయి. ఖాళీ గది గురించి మాట్లాడకుండా, పిల్లల చేతికి ట్యాబ్ ఇచ్చి చదువు ఆధునికమైందని చెప్పేవాళ్లు రోగాన్ని దాచిపెడుతున్నారు. ఆన్‌లైన్ పాఠం కాన్పుల కరవును తీర్చదు, ఆ కరవు కనిపించకుండా చేస్తుంది. అందుకే అది అందరికీ అంత నచ్చింది.

సాంకేతికత వద్దంటున్నానని నా మీదికి వచ్చేవాళ్లు ముందు కెంటకీ కథ వినండి. అమెరికాలోని ఆ కొండప్రాంతంలో 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్ పెట్టింది. రోడ్లు లేని చోట ఆమె నర్సులు గుర్రాలెక్కి, వాగులు దాటి వెళ్లి పురుళ్లు పోశారు. 1939లో అక్కడే మిడ్‌వైఫరీ స్కూలు మొదలైంది. 1989లో ఆ స్కూలే దూరవిద్య బాట పట్టింది, ఎందుకంటే మారుమూల పల్లెల్లో పనిచేస్తున్న నర్సులు ఇల్లూ ఉద్యోగమూ వదిలి ఏళ్లకేళ్లు రాలేరు, వచ్చినవాళ్లు తిరిగి పల్లెకు పోరు. ఎంత మంచి కారణం! అయినా వాళ్లు ఏం చేశారు? అప్పటికే రిజిస్టర్డ్ నర్సు అయినవాళ్లనే చేర్చుకున్నారు. క్యాంపస్‌కు రప్పించి చేతిపని చూశారు. ఆ తర్వాత విద్యార్థిని సొంత ప్రాంతంలోనే, అనుభవమున్న మిడ్‌వైఫ్ పక్కన నిలబెట్టి, తల్లుల దగ్గర పని చేయించారు. పాఠం దూరం నుంచి వచ్చింది, కాన్పు మాత్రం ఎదుటే జరిగింది. దూరవిద్యలో అందరికంటే ముందు నడిచినవాళ్లే చేతిపనిని వదల్లేదు. మన దగ్గర మాత్రం అన్నిటికంటే ముందు చేతిపనినే వదిలేశారు.

మన దేశంలో ఇగ్నో కూడా పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్‌ను దూరవిద్యలో నడిపింది. అది అప్పటికే ఉద్యోగంలో ఉన్న నర్సులకు. వాళ్ల చేతులకు పని తెలుసు, ఆ పని వెనకున్న శాస్త్రం కావాలి. బంగ్లాదేశ్ 2013 ప్రాంతంలో మూడేళ్ల మిడ్‌వైఫరీ డిప్లొమా మొదలుపెట్టినప్పుడు పాఠం చెప్పేవాళ్లకు పై చదువు లేదు. స్వీడన్‌లోని దలార్నా విశ్వవిద్యాలయం ఆ టీచర్లకు ఇంటర్నెట్ ద్వారా మాస్టర్స్ చదువు చెప్పింది. తెర అక్కడ టీచరుకు టీచరైంది. డెన్మార్క్‌కు చెందిన మెటర్నిటీ ఫౌండేషన్ తయారుచేసిన సేఫ్ డెలివరీ యాప్ ఒకసారి దించుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. రక్తస్రావం ఆపడం, బిడ్డకు ఊపిరి పోయడం లాంటివి చిన్న బొమ్మల వీడియోల్లో చూపిస్తుంది. ఇథియోపియాలో జరిపిన ఒక పరీక్షలో దాన్ని వాడిన ఆరోగ్య కార్యకర్తల నైపుణ్యం పెరిగింది. వాళ్లంతా కాన్పులు చేస్తున్నవాళ్లేనని మరిచిపోకండి. పాడేరు కొండల్లోనో, ఉట్నూరు గూడేల మధ్యనో పనిచేసే ఏఎన్ఎం చేతిలో అలాంటి యాప్ తెలుగులో ఉండాలని నేను ఎవరికంటే గట్టిగానైనా అడుగుతాను. పదేళ్ల కిందట నేర్చుకున్నది ఆమె మళ్లీ గుర్తు చేసుకోవాలి, కొత్తగా మారినవి తెలుసుకోవాలి. ఆమెకు తెర కావాలి. ఇంకా ఒక్క పురుడూ పోయని పిల్లకు ముందు కాన్పుగది కావాలి.

ఇంకో వాదన ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నేర్చుకోవడానికి పేద తల్లుల శరీరాలే దొరికాయా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సర్కారు ఆసుపత్రిలో పురిటి నొప్పులతో పడుకున్న ఆడమనిషి చుట్టూ పదిమంది పిల్లలు మూగుతారు. ఒకరి తర్వాత ఒకరు పీవీ, అంటే యోనిలో వేళ్లు పెట్టి చూసే పరీక్ష చేస్తారు. అంతా సవ్యంగా ఉన్నప్పుడు నాలుగు గంటలకు ఒకసారి చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరీక్ష అది. ఆమెను ఎవరూ అడగరు. అడ్డు చెబితే అరుస్తారు, తొడ మీద కొడతారు. ఈ అమానుషాన్ని కాపాడటానికి నేను కలం పట్టలేదు. అందుకే అంటున్నాను, పిల్ల మొదటిసారి తల్లి మంచం దగ్గరికి వెళ్లేసరికి బొమ్మ మీద వందసార్లు చేసి ఉండాలి. వీడియోలు అరిగిపోయేలా చూసి ఉండాలి. ఒక్క తల్లికి ఒక్క విద్యార్థిని, పక్కన ఒక్క టీచర్. ముందు తల్లి అనుమతి. ఆ పిల్ల ఆ తల్లిని నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ రొమ్ము పట్టేదాకా వదలకూడదు, నడుము రాయాలి, నీళ్లు తాగించాలి, పేరు పెట్టి అమ్మా అని పిలవాలి.

మరి పేద తల్లి శరీరాన్ని కాపాడుతున్నామంటూ పిల్లల్ని కాన్పుగదికి దూరంగా ఉంచితే ఏమవుతుంది? ఆ పిల్లలు పట్టా పుచ్చుకుని ఎక్కడికి పోతారు? కార్పొరేట్ ఆసుపత్రి సూట్ రూములో సొంత డాక్టరు ఉన్న సంపన్నురాలి దగ్గరికి వాళ్లను ఒంటరిగా పంపరు. పీహెచ్‌సీకి పంపుతారు. వాగు పొంగిన రాత్రి 108 రాలేని ఊళ్లో ఉన్న ఆడపిల్ల దగ్గరికి పంపుతారు. టీచర్ పక్కన లేకుండా చేసే మొదటి కాన్పు, తప్పు దిద్దేవాళ్లు లేని మొదటి కాన్పు, ఆ పేదరాలి మీదే జరుగుతుంది. పేదల పేరు చెప్పి ఆన్‌లైన్ చదువును సమర్థించేవాళ్లు ఈ మాటకు జవాబు చెప్పాలి.

చేయాలనుకుంటే చేయగలమని తెలంగాణే చూపించింది. 2017లో ప్రభుత్వం, యునిసెఫ్, ఫెర్నాండెజ్ ఫౌండేషన్ కలిసి కరీంనగర్ జిల్లా ఆసుపత్రిలో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో, ప్రభుత్వ నర్సులకు, నిజమైన తల్లుల మధ్య. 2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల చదువును దేశమంతా తెస్తామంది. కరీంనగర్‌నే ఎందుకు గుర్తు చేస్తున్నానంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి సిజేరియన్లు 80 శాతం దాటిన జిల్లా అది. కోతలకు పేరుమోసిన జిల్లాలోనే సాధారణ కాన్పు పాఠశాల పెట్టారు. నాకు ఆ ధైర్యం కావాలి. అలాంటి పాఠశాల ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఎందుకు లేదని నేను అడుగుతున్నాను. ఆ శిక్షణ పొందిన నర్సును వార్డు మార్చి జనరల్ డ్యూటీలో పడేసే ప్రతి సూపరింటెండెంటునూ అడుగుతున్నాను: 18 నెలలు ప్రజల డబ్బుతో నేర్పిన చేతులను ఇంజక్షన్ రూములో ఎందుకు కూర్చోబెట్టారు?

టీచర్ల గురించి మాట్లాడకపోతే ఇదంతా సగమే. ప్రసూతి పాఠం చెప్పే ట్యూటర్‌లలో చాలామంది తమ చివరి పురుడు ఎప్పుడు పోశారు? ఎంఎస్సీ అవ్వగానే క్లాసురూముకు వచ్చి, అక్కడే ఉండిపోయినవాళ్లు ఎంతమంది? లేబర్ రూం సిస్టర్‌కు పని తెలుసు, పాఠం చెప్పే సమయం లేదు. ట్యూటర్‌కు పాఠం తెలుసు, లేబర్ రూంలో చెయ్యి పెట్టే అధికారం లేదు. ఈ గోడను పడగొట్టండి. ట్యూటర్‌కు ఆసుపత్రిలో వారానికి రెండు డ్యూటీలు రాయండి, అనుభవమున్న సిస్టర్‌కు బోధకురాలి హోదా, దానికి తగ్గ డబ్బు ఇవ్వండి. తెర మీద ఖర్చుపెట్టే సొమ్ములో సగం దీని మీద పెట్టినా చాలా మారుతుంది.

యూరప్ చట్టం మిడ్‌వైఫ్ విద్యార్థిని 40 కాన్పులు తన చేతులతో చేయాలంటుంది. తల్లులు చాలక అది కుదరకపోతే కనీసం 30 చేసి, మరో 20లో సాయం చేయాలి. అక్కడా జననాలు తగ్గాయి, అక్కడా కోతలు పెరిగాయి. అయినా ఆ సంఖ్యను వీడియోలతో నింపుకోండని చట్టం చెప్పలేదు. మన దగ్గర 20 అని రాసి, రెండు కూడా చేయించకుండా పంపేస్తున్న కాలేజీలకు ఇన్నాళ్లూ ఏ శిక్షా పడలేదు. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. పాత అలవాట్లను కొత్త కుర్చీల్లోకి మోసుకుపోతే ఆ చట్టం చేసి ప్రయోజనం లేదు.

కాబట్టి కమిషన్‌కూ, రెండు రాష్ట్రాల కౌన్సిళ్లకూ నేను సూటిగా చెబుతున్నాను. కాలేజీకి సీట్లు ఇచ్చేటప్పుడు భవనం అడుగులు కొలవడం మానేసి, అనుబంధ ఆసుపత్రిలో గత ఏడాది ఎన్ని సాధారణ కాన్పులు జరిగాయో చూడండి. ఆ సంఖ్యను ఆ ఆసుపత్రిని చూపించుకున్న కాలేజీలన్నిటి విద్యార్థుల మధ్య పంచండి, ఎంతమందికి సరిపోతే అన్నే సీట్లు ఇవ్వండి. ప్రతి అమ్మాయి చేసిన ప్రతి కాన్పునూ ఆసుపత్రి ప్రసవాల రిజిస్టరు నంబరుతో సరిచూడండి, అప్పుడు సీనియర్ పుస్తకం చూసి రాయడం కుదరదు. ఏ కాలేజీ పిల్లలు సగటున ఎన్ని పురుళ్లు పోశారో ఏటా అడ్మిషన్లకు ముందే ప్రకటించండి, తల్లిదండ్రులు చూసుకుని చేర్పిస్తారు. లెక్క తప్పిన చోట పిల్లల్ని ఫెయిల్ చేయకండి, తప్పు వాళ్లది కాదు. ఆ యాజమాన్యం ఖర్చుతో, నెలనెలా స్టైపెండ్ ఇప్పించి, 20 పూర్తయ్యేదాకా వాళ్లను కాన్పులు జరిగే ఆసుపత్రికి పంపండి. ఆ పిల్లలు తిరిగొచ్చేదాకా ఆ కాలేజీలో కొత్త బ్యాచ్‌ను చేర్చుకోనివ్వకండి.